చెయ్యి చూసి వాయించేవాళ్లు

మా ఆర్కెస్ట్రాలో పాడే లలితకుమారి తన కూతురి పెళ్లి కార్డు తెచ్చిన రోజు మా ఆవిడ సుమిత్రమ్మ ఇద్దరికీ టీ పెట్టింది. లలితకుమారి తాగింది. నేను కప్పు ముట్టలేదు.

"చల్లారిపోతుంది మాస్టారూ."

"తాగుత."

"సింధు పెళ్లండీ. రిసెప్షన్ ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో. డీజే వద్దని మగపెళ్లివాళ్లకి ముందే చెప్పేశాను. మన ఆర్కెస్ట్రా వాయించాలి, నేను పాడాలి, మీరు ముందు నిలబడి నడిపించాలి. కాదంటే ఊరుకోను."

నేను తల ఊపాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. తెనాలి వైపు మనిషి. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఆ మాట తీరు మారలేదు.

సుమిత్రమ్మ చల్లారిన టీ తీసుకుపోతూ గుమ్మంలో ఆగింది.

"కప్పు లేపనీకి రాదుగని ఆర్కెస్ట్రా లేపుతవా?"

ఆమె అన్నది నిజం. కుడిచెయ్యి కింద పెట్టుకుంటే బాగానే ఉంటుంది. ఎత్తి పట్టుకుంటేనే వేళ్లు వణుకుతాయి. దవాఖానలో డాక్టరమ్మ చూసి, ప్రాణానికేం భయం లేదు పెద్దాయనా, గోలీలు వేసుకో, తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు అన్నది. ఈ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. నా బతుకంతా ఆ చెయ్యి ఎత్తి పట్టుకోవడంతోనే గడిచింది. చివరగా ఒక్కసారి మా వాళ్ల ముందు నిలబడితే చాలుననుకున్నాను.

మాది చిట్యాల దగ్గర పల్లె. బడి మూడో తరగతితో సరి. మా మేనమామ పెళ్లిళ్ల బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు. ఆయన దగ్గర కొట్టడం నేర్చుకుని, ఆయన వెంటే దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. బస్టాండు వెనక గల్లీలో మేళాలవాళ్ల గదులు వరసగా ఉండేవి. పొద్దున క్లారినెట్లు తుడుచుకుంటూ, సాయంత్రం కోట్లు ఆరేసుకుంటూ గల్లీ అంతా మావాళ్లే. చివరి గదికి మాత్రం ఒక బోర్డు ఉండేది. 'మేఘమాల ఆర్కెస్ట్రా'. అది చక్రపాణి మాస్టారిది. బందరు ఆయన. పగలు పోస్టాఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఆర్కెస్ట్రా.

వాళ్ల డోలక్ మనిషి ఒకసారి రాకపోతే నన్ను పిలిచారు. మాస్టారు అందరికీ సరిగమలు రాసిన కాగితాలు పంచుతూ నా దగ్గరికి వచ్చారు. నేను కాగితం తిరిగిచ్చేశాను.

"ఏమయ్యా అంతయ్యా, అక్కర్లేదా?"

"నాకు చదవరాదు సార్."

ఆయన కాగితం జేబులో పెట్టుకుని, "సరే, నా చెయ్యి చదువు" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి చేతి సైగలు మొదలయ్యాయి. ఒక వేలు చూపితే మొదటి బీజీయం, అంటే పల్లవికి చరణానికి మధ్య వచ్చే వాద్యాల ముక్క. రెండు వేళ్లయితే రెండోది. పిడికిలి బిగిస్తే ఆపాలి. వేలు గుండ్రంగా తిప్పితే అదే ముక్క మళ్లీ వాయించాలి. అయిదు వేళ్లూ విప్పి ఆడిస్తే రోల్. రోల్ అంటే డ్రమ్ము మీద కర్రలు ఆపకుండా గడగడలాడించడం. పాట మలుపు తిరిగే ముందు అది పడితే వినేవాడి ఒళ్లు ఝల్లుమంటుంది. ఇదంతా కుడిచేతి పని. ఎడమచెయ్యి గాయకులది. గొంతు పెంచమని, తగ్గించమని.

నా ఒక్కడి కోసం మొదలైన సైగలు మెల్లగా అందరికీ అలవాటయ్యాయి. కాగితాలు గాలికి ఎగిరిపోయేవి, వానకు తడిసేవి. చెయ్యికి ఆ బాధ లేదు.

మాస్టారు రిటైరై బందరు వెళ్లిపోతూ తన చోట నన్ను నిలబెట్టారు. వయొలిన్ ఉపేంద్రకు కోపం వచ్చింది. అతను సంగీతం డిప్లొమా చేసినవాడు. "ఆయనకి స్వరం రాయడం కూడా రాదు కదండీ" అన్నాడు, నా ఎదురుగానే.

"రాదు. కానీ ఎదటివాడు ఎక్కడ తప్పబోతున్నాడో వీడికి ముందే తెలుస్తుంది. అది నేను నేర్పలేదు, నువ్వు నేర్చుకోలేవు" అన్నారు మాస్టారు. ఉపేంద్ర రెండు ప్రోగ్రాములకు అలిగాడు. తర్వాత వచ్చేశాడు. ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నేను మాట్లాడితే కదా పోట్లాట.

నేను వదిలిన డ్రమ్ముల దగ్గరికి మహిపాల్ వచ్చాడు. మా పక్క ఊరివాడు, వరసకు తమ్ముడు. వాడికీ చదువు అంతంతే. కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా నా కుడిచేతి మీంచి కళ్లు తీసేవాడు కాదు. వాడికి తాళం చెవుల్లోంచి కాదు, కళ్లల్లోంచి చేతుల్లోకి పోయేది. ఒకసారి అబ్దుల్లాపూర్‌మెట్‌లో పెళ్లి. మంచి నెమ్మది పాట నడుస్తోంది. ఒక కందిరీగ వచ్చి నా ముఖం చుట్టూ తిరిగింది. చేత్తో తోలాను. అంతే, వెనక నుంచి గడగడమని రోల్! పెళ్లికొడుకు తాళి కట్టాలేమోనని పరేషాన్ అయిపోయి అటూ ఇటూ చూశాడు. తర్వాత వ్యానులో అందరూ మహిపాల్‌ను ఆటపట్టించారు.

"ఈగను తోలితే రోల్ కొట్టినవ్. రేపు అన్న తలకాయ గోక్కుంటే ఏం కొడతవ్ రా?"

"అన్న చెయ్యి ఏం జెప్తే గది కొడత. ఈగదా, దోమదా నాకెర్కనా?" అన్నాడు వాడు.

వినాయక చవితి వస్తే మాకు ఊపిరాడేది కాదు. సరూర్‌నగర్, కొత్తపేట, మన్సూరాబాద్, ఎటు చూసినా మండపాలే. రోడ్డు మీద చాపలు, దుప్పట్లు పరుచుకుని జనం కూర్చునేవారు. కొత్తపేట పండ్ల మార్కెట్ హమాలీలు చీటీల మీద పాట పేరు రాసి బత్తాయి పండుతో కలిపి స్టేజీ మీదికి విసిరేవాళ్లు. పాట నచ్చితే ఇంకో పండు వచ్చేది. మహిపాల్ డ్రమ్ము పక్కన ఎప్పుడూ ఒక గంప ఉండేది.

లలితకుమారి మొదట పాడింది అలాంటి మండపంలోనే. వాళ్లమ్మ కింద కూర్చుని ఉంది. పల్లవి చక్కగా పాడింది. బీజీయం అయిపోవస్తుంటే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. చరణం మరిచిపోయింది. నేను వేలు గుండ్రంగా తిప్పాను. ఉపేంద్ర, మహిపాల్, ఫ్లూటు ఆయన, అందరూ అదే ముక్క మళ్లీ ఎత్తుకున్నారు. మళ్లీ తిప్పాను. ఆమె కళ్లు మూసుకుని పెదవులు కదిపింది, తల ఊపింది, అందుకుంది. జనానికి ఏమీ తెలియలేదు. దిగి వచ్చాక వాళ్లమ్మ, "బీజీయం ఎంత పొడుగ్గా, బాగా వాయించారండీ" అని మెచ్చుకుంది.

తర్వాత డీజేలు వచ్చాయి. ఆ తర్వాత పాటలోంచి గొంతు తీసేసిన ట్రాకులు వచ్చాయి. ఒక మనిషి, ఒక లాప్‌టాప్ ఉంటే ప్రోగ్రాం అయిపోతుంది. మెట్రో వచ్చి దిల్‌సుఖ్‌నగర్ ముఖమే మారిపోయింది. మా గల్లీలో ఇప్పుడు అన్నీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఉపేంద్ర పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాడు. మహిపాల్ స్కూలు వ్యాను నడుపుతున్నాడు. కీబోర్డు మురళీకృష్ణ ఒక్కడే ఈ పనిలో మిగిలాడు. మన్సూరాబాద్‌లో ఇంటి మీద గది కట్టుకుని, ట్రాకులు తయారుచేసి అమ్ముకుంటాడు. రిహార్సల్ ఆ గదిలోనే పెట్టుకున్నాం.

అందరం కలిసేసరికి గది నిండిపోయింది. ఉపేంద్ర జుట్టుకు రంగు వేసుకొచ్చాడు. మహిపాల్ పాత డ్రమ్ములు దులిపి, వ్యానులో స్కూలు పిల్లల సీట్ల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

"అన్నా, సన్నవడ్డవ్."

"నువ్వు లావైనవ్."

"సగం నీదే నాకొచ్చింది తీయ్" అని నవ్వాడు.

లలితకుమారి ఎప్పుడూ పాడే నెమ్మది పాటతో మొదలుపెట్టాం. నేను చెయ్యి ఎత్తాను. ఆ గదిలో అన్ని కళ్లూ నా చేతి మీదికి వచ్చాయి. ఎన్నాళ్లయిందో. ఉపేంద్ర వయొలిన్ తీగల మీద కమాను కదిలింది. లలితకుమారి పల్లవి ఎత్తుకుంది. రెండో లైను దగ్గర గడగడమని రోల్ పడింది.

అందరూ ఆగారు. నవ్వులు.

"ఏం మహిపాల్ గారూ, స్కూలు బెల్లు కొట్టారా?" అన్నాడు మురళీకృష్ణ.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి లైనులోనే పడింది. ఆ తర్వాత ఇంకోసారి. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఉపేంద్ర కమాను ఒళ్లో పెట్టుకున్నాడు. నేను మాత్రం నా వేళ్ల వైపే చూస్తున్నాను. అయిదూ విప్పుకుని వాటంతట అవి ఆడుతున్నాయి.

తల ఎత్తితే మహిపాల్ కూడా వాటినే చూస్తున్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. కర్రలు పక్కన పెట్టాడు.

"నాదే తప్పు. డ్రైవింగ్ చేసి చేసి చెయ్యి పాడైంది. మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు.

"పోనీలెండి. వంశీకృష్ణ అని మా కుర్రాడున్నాడు, ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద డ్రమ్ము వాయిస్తాడు. రిసెప్షన్‌కి వాణ్ని పెట్టుకుందాం. మీరు హాయిగా భోజనానికి రండి" అన్నాడు మురళీకృష్ణ. చెడ్డగా అనలేదు. పని జరగాలి కదా అన్నట్టు అన్నాడు.

మహిపాల్ డ్రమ్ములు కిందికి మోస్తుంటే నేనూ వెంట దిగాను. వ్యాను దగ్గర వాడు బీడీ ముట్టించాడు.

"ఎప్పటి సంది?"

"నిరుడు."

"దవాఖాన్ల చూపెట్టినవా?"

"ఆ."

"నాకెందుకు చెప్పలే?"

నేను కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"నువ్వేం చెప్తవ్ తీయ్. పెండ్లప్పుడు వదినె పేరు అడిగితే గూడ వేలు చూపెట్టినోనివి." వాడు పొగ వదిలి, మెల్లగా అన్నాడు. "నేను కూసుంటే నడవదన్నా. నీ వేళ్లు ఆడితే నా చేతులు ఆగయి. ఎంత బిగపట్టినా ఉరుకుతున్నయి. గా ప్యాడు పోరనికి నీ సైగలే తెల్వయి. నువ్వెంత వణికినా వానికి ఫరక్ పడది. నువ్వు నిలబడాలెనంటే నేను లేవాలె. గంతే."

వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాటి రిహార్సల్‌కు వంశీకృష్ణ వచ్చాడు. నెమ్మదైన కుర్రాడు. దండం పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నాడు. నేను చెయ్యి ఎత్తాను. పాట మొదలైంది. ఎక్కడా తప్పు లేదు. రోల్ పడాల్సిన చోటే పడింది. నేను ఇంకా వేళ్లు విప్పక ముందే పడింది. హెడ్‌ఫోన్‌లో గడియారంలా తాళం నడుస్తోంది, వాడు దాన్ని పట్టుకున్నాడు. వాణ్ని పట్టుకుని మురళీకృష్ణ, మురళీకృష్ణను పట్టుకుని ఉపేంద్ర. లలితకుమారి ఒక్కతే నా వైపు చూస్తోంది, అదీ మర్యాదకు. బస్సు వెళ్లిపోయాక కూడా చెయ్యి ఊపుతూ నిలబడ్డవాణ్నయ్యాను.

చరణం మధ్యలో పిడికిలి బిగించాను. లలితకుమారి, ఉపేంద్ర ఆగారు. ప్యాడ్ ఇంకొంతసేపు వాయించి ఆగింది.

"మహిపాల్ తప్పు కొట్టలే" అన్నాను.

అందరూ నన్ను చూశారు. రిహార్సల్‌లో నా గొంతు వాళ్లు ఎప్పుడో గానీ విని ఉండరు.

"నా చెయ్యి వణుకుతున్నది. వాడు చెయ్యి చూసి కొట్టిండు. చెయ్యి రోల్ అన్నది, వాడు రోల్ కొట్టిండు. తప్పు వానిది కాదు."

చెయ్యి ఎత్తి చూపించాను. మాటలకన్నా అదే తొందరగా చెప్పింది.

ఉపేంద్ర తల దించుకున్నాడు. మురళీకృష్ణ, "అయ్యో మాస్టారూ, ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

"నేను నిలబడ. మహిపాల్‌ను పిలువుండ్రి. ఆర్కెస్ట్రా నడుస్తది."

అప్పుడు లలితకుమారికి కోపం వచ్చింది. ఆమె కోపం నేను చూడటం అదే మొదలు.

"మీ ఇద్దరికీ బాగానే ఉంది. ఆయనేమో మీ కోసం తప్పుకుంటాడు, మీరేమో ఆయన కోసం తప్పుకుంటారు. మధ్యలో నా కూతురి పెళ్లి. ట్రాకు పెట్టుకుని పాడుకునేదాన్నైతే ఇంతమందిని ఇళ్లలోంచి లాక్కొచ్చేదాన్నా మాస్టారూ? ఇద్దరూ ఉండాలి. ఎలా ఉంటారో మీరే తేల్చుకోండి." ఫోను తీసి మహిపాల్‌కు చేసింది. "మహిపాల్ గారూ, పిల్లల్ని దింపేసి డ్రమ్ములతో రండి. రాకపోతే నేనే మీ స్కూలుకి వస్తాను."

మహిపాల్ వచ్చాడు. రోల్ సైగ మార్చి చూద్దామన్నాడు ఉపేంద్ర. వేళ్లు ఆడిస్తే పట్టించుకోవద్దు, మోచెయ్యి ఎత్తితేనే రోల్. మహిపాల్ సరేనన్నాడు. పల్లవిలో నా వేళ్లు ఆడాయి. వాడు పళ్లు బిగబట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. అయినా కర్రలు ఉరికాయి. గది గొల్లుమంది. వంశీకృష్ణ హెడ్‌ఫోన్ తీసి మరీ నవ్వాడు. మహిపాల్ కర్రలను తిట్టాడు.

"ఇవి నా మాట ఇనయన్నా. ఇన్నేండ్లు నీ మాట ఇన్నయి, ఇప్పుడు నాదెందుకు ఇంటయి?"

కర్రలు ఒళ్లో పెట్టుకుని, "ఒక్క పని చేస్త. కండ్లు మూసుకుంట" అన్నాడు.

"నిద్రపోతారేమో" అన్నాడు మురళీకృష్ణ.

"కొట్టుకుంట నిద్రవోయేది నీ ట్రాకు, నేను కాదు."

కళ్లు మూసుకున్నాడు. ఎత్తుకున్నాం. రోల్ పాటలో తన చోటనే పడింది. పాటలన్నీ వాడికి కంఠతా వచ్చు. అక్కడక్కడా తాళం వదులుగా ఉన్నా పాట నిలబడింది. నాకు మాత్రం అదోలా అనిపించింది. వాడి ముఖం ఎదురుగా ఉంది. కళ్లు లేవు.

రిసెప్షన్ నాడు హాలు నిండా జనం. సుమిత్రమ్మ నా కోటు ఇస్త్రీ చేసి, తానే గుండీలు పెట్టింది. "ఎంత ఒణికితే గంత ఒణుకు. ఎవడేమంటడు?" అన్నది. సింధు, పెళ్లికొడుకు కుర్చీల్లో కూర్చున్నారు. అక్షతల వరస ఒక పక్క, ఫోటోలు ఒక పక్క. లలితకుమారి మైకు తీసుకుని, "మా మాస్టారు అంతయ్య గారు" అని ఒక్క మాట చెప్పింది. పాత మండపాల కాలంలో విన్నవాళ్లెవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు వాళ్లను చూసి కొట్టారు.

పాటలు బాగానే నడిచాయి. నా చెయ్యి ఆడుతూనే ఉంది. ఉపేంద్ర దాన్ని చూసి ఎలా వాయించాడో నాకు తెలియదు, ఒక్క చోట కూడా తడబడలేదు. మహిపాల్ తల కొంచెం పైకెత్తి, కళ్లు మూసుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కొట్టాడు.

ఆఖరున ఆ నెమ్మది పాట పెట్టుకున్నాం. రెండో చరణంలో మహిపాల్ తొందరపడ్డాడు. కళ్లు మూసుకున్నవాడికి ఎవరు చెప్తారు? నేను అరచెయ్యి దించి చూపించాను, నెమ్మది అని. వాడు చూడలేదు. మళ్లీ చూపించాను. వాడు ఇంకా ఉరుకుతున్నాడు. ఉపేంద్ర నా వైపు చూశాడు, ఏం చెయ్యమంటావన్నట్టు.

అప్పుడు లలితకుమారి ఒక పని చేసింది. లైను చివరి మాటను వదలకుండా పొడుగ్గా లాగింది. అక్కడ అలా లాగడం ఆ పాటలో లేదు. లాగి, చాలా మెత్తగా దించింది. ఆ గొంతు వెనకే మహిపాల్ కర్రలు కూడా మెల్లబడ్డాయి. వాడు విన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టే విన్నాడు.

నేను చెయ్యి దించేశాను.

పాట ఆగలేదు. మొదట చెయ్యి మళ్లీ లేవబోయింది. తర్వాత పాట వినబడింది. ఆర్కెస్ట్రా నడిపేవాడు పాట వినడు. రాబోయే ముక్కను వింటుంటాడు. వీడు అందుకుంటాడా, వాడు వదులుతాడా అని ముందు ముందుకే పోతుంటాడు. ఎన్ని మండపాలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్నిసార్లు ఈ పాట. అయినా పాట ఉన్న చోటే నేనూ ఉండి విన్నది ఆ రోజే. ఉపేంద్ర వయొలిన్ అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్లలో అతనికి ఆ మాట చెప్పలేదు.

పాట అయిపోయింది. చప్పట్లకు మహిపాల్ కళ్లు తెరిచాడు.

"ఎట్ల కొట్టిన అన్నా?"

"రెండో చరణంల జర ఉరికినవ్."

"మరి చెయ్యి చూపెట్టకపోతివి?"

"కండ్లు మూసుకున్నోనికి ఏం చూపెట్టాలె రా?"

వాడు పెద్దగా నవ్వాడు. మగపెళ్లివారి వైపు నుంచి ఇంకో పాట కావాలని అడిగారు. మురళీకృష్ణ అలవాటుగా నా వైపు తిరిగాడు. నేను మహిపాల్ పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఉపేంద్ర సార్ వయొలిన్ మస్తుంటది. దాంతోనే మొదలువెట్టుండ్రి" అన్నాను.

ఉపేంద్ర ఉలిక్కిపడి చూశాడు. కమాను అందుకున్నాడు.

మహిపాల్ కర్రలు ఎత్తి, మళ్లీ కళ్లు మూసుకోబోయాడు.

"మూసుకోకు" అన్నాను.

"మరి ఎవ్వర్ని జూడాలె?"

"లలితమ్మను చూడు."

వాడు చూశాడు. ఆమె తల ఊపింది.